చలికాలపు తిండి: చైనా నేర్పిన లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు బాయిలర్ల గురించి మాట్లాడతానన్నాను. ముప్పై ఏళ్ళుగా నాకు తెలిసిన విద్య అదొక్కటే. "ఒరేయ్, భోజనాల ముందు బాయిలర్ల గురించి ఎవరు వింటారు? మన బ్యాచ్‌లో సగం మందికి బీపీ, మిగతా సగానికి షుగరు. చైనాలో మూడు చలికాలాలు గడిపావు కదా, ఆ చలిలో వాళ్ళు ఏం తిని గట్టిగా ఉంటారో చెప్పు" అన్నాడు. సరేనన్నాను. అయితే ముందే ఒక మాట మనవి చేసుకోవాలి. నేను డాక్టర్ని కాను. డాక్టర్ననుకుని ఒకసారి మా నాన్నగారి మీదే ప్రయోగం చేసి దెబ్బ తిన్నవాణ్ణి. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

2009 నవంబరులో మా కంపెనీ నన్ను హార్బిన్ పంపింది. చైనాకు ఈశాన్య మూలన, రష్యా వైపు ఉన్న నగరం అది. మన దగ్గర కడుతున్న ఒక విద్యుత్ కేంద్రానికి రావలసిన బాయిలర్ భాగాలను ఓడ ఎక్కకముందే పరీక్షించి సంతకం పెట్టడం నా పని. జనవరిలో అక్కడ రాత్రిళ్ళు మైనస్ 25 డిగ్రీలకు దిగడం మామూలే. బయట పది నిమిషాలు నడిస్తే కనురెప్పల మీద మంచు పేరుకుంటుంది. డిసెంబరులో మంచి ఎండ చూస్తూ పెరిగిన మనలాంటి వాడికి ఆ చలి చూస్తే ముందు భయం, తర్వాత ఆకలి.

నా బుర్రకు తోచిన లెక్క సులువుగా ఉంది. చలి ఎక్కువ కాబట్టి వేడి చేసేవి ఎక్కువ తినాలి. రోజూ రాత్రి మరిగే నీళ్ళ కుండ చుట్టూ కూర్చుని గొర్రె మాంసం తినడం, పొద్దున్నే అల్లం టీ, మధ్యాహ్నం వేడినీళ్ళలో జిన్సెంగ్ వేరు ముక్కలు. మూడు వారాలు తిరిగేసరికి నోటినిండా పుళ్ళు. నిద్ర లేదు. ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే ముక్కులోంచి రక్తం. ఫ్యాక్టరీ క్లినిక్‌లో చూస్తే బీపీ 150 దాటింది.

మా గెస్ట్‌హౌస్‌లో వంట చేసే పెద్దావిడ ఒకరుండేవారు. అందరం ఆమెను "ఆయీ" అని పిలిచేవాళ్ళం. వాళ్ళ భాషలో పిన్ని, అత్త లాంటి పిలుపు అది. ఆమె నా నాలుక చూపించమంది. చూసి నవ్వి, దుబాసీ కుర్రాడితో ఏదో అంది. "చలి బయట ఉంది, నువ్వుండేది లోపల కదా అంటోంది సార్" అన్నాడు వాడు.

నిజమే. హార్బిన్‌లో అక్టోబరు 20 నుంచి ఏప్రిల్ 20 దాకా ఊరు మొత్తానికీ గొట్టాల ద్వారా వేడినీళ్ళు సరఫరా చేసి ఇళ్ళు వెచ్చబెడతారు. గదిలో 23, 24 డిగ్రీలుంటుంది. గాలిలో తడి ఉండదు, పెదవులు పగులుతాయి. నేను రోజులో ఇరవై రెండు గంటలు ఆ వెచ్చటి పొడిగాలిలో కూర్చుని, మైనస్ 25లో గొర్రెలు కాసేవాడి తిండి తింటున్నాను. బాయిలర్లో బొగ్గు పెంచుకుంటూ పోయి, పొగ వెళ్ళే దారి మూసేసినట్టు!

ఆ రోజు నుంచి నాకు రెండు రకాల తిండి మొదలుపెట్టింది. ఒకటి ముల్లంగి ముక్కలు వేసి కాచిన పలచటి చారు. రెండోది గడ్డకట్టిన బేరిపండు. ఆ ఊళ్ళో బేరిపండ్లను చలిలో బయట పెట్టి రాయిలా గడ్డ కట్టిస్తారు. నల్లగా మారతాయి. తినే ముందు చల్లని నీళ్ళ గిన్నెలో వేస్తారు. పండు చుట్టూ ఉన్న నీటిలోంచి వేడి లాక్కుంటుంది. లోపల పండు మెత్తబడుతుంటే పైన నీరు గడ్డకట్టి మంచు డొల్ల తయారవుతుంది. మన ఫిజిక్స్ మాస్టారు చెప్పిన గుప్తోష్ణం పాఠం గిన్నెలో కళ్ళముందు జరుగుతుంది. ఆ డొల్ల పగలగొట్టి, పండుకు చిన్న కన్నం పెట్టి రసం పీల్చాలి. వారం రోజుల్లో నోరు మానింది, నిద్ర పట్టింది.

అదే సమయంలో మా డ్రైవరుకు ఆయీ గొర్రె మాంసం సూపు పోస్తోంది! ఎప్పుడు చూసినా చేతులు చల్లగా ఉండేవి అతనికి. పొద్దున్నుంచి రాత్రిదాకా బయట తిరిగేవాడు. ఒకే వంటగది, ఒకే రోజు, ఇద్దరికి రెండు గిన్నెలు. అది ఆ రోజున నాకు సరిగా ఎక్కలేదు. ఎక్కి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

చైనా సంప్రదాయ వైద్యంలో తిండిని అయిదు స్వభావాలుగా చూస్తారు. వేడి, వెచ్చన, సమం, చలవ, శీతలం. చేత్తో ముట్టుకుంటే తెలిసే వేడి గురించి కాదు ఈ మాట, ఒంట్లోకి వెళ్ళాక చేసే పని గురించి. మనకిది కొత్తేమీ కాదు, మామిడిపండు వేడి, మజ్జిగ చలవ అంటూ పెరిగినవాళ్ళమే. వాళ్ళ లెక్కలో గొర్రె మాంసం, అల్లం, దాల్చినచెక్క వేడి వైపు. బాతు మాంసం, బేరిపండు, ముల్లంగి చలవ వైపు. అన్నం మధ్యలో.

రెండు వేల ఏళ్ళకు పైబడిన హువాంగ్దీ నేయ్‌జింగ్ అనే వైద్య గ్రంథం చలికాలాన్ని దాచుకునే కాలం అంటుంది. పెందలాడే పడుకోమంటుంది, పొద్దెక్కాక లేవమంటుంది, ఒంట్లో వెచ్చదనాన్ని చెమట రూపంలో పోగొట్టుకోవద్దంటుంది. ఈ కాలానికి అధిపతి మూత్రపిండం అంటారు. ఇది మన క్రియాటినిన్ పరీక్షలో తేలే కిడ్నీ అనుకోకండి. పుట్టుకతో వచ్చిన బలం, ఎముక, జుట్టు, చెవి వీటన్నిటినీ కలిపి వాళ్ళు పెట్టుకున్న పేరది. ఆ అవయవానికి రంగు నలుపు. అందుకే చలికాలం రాగానే నల్లనువ్వులు, నల్ల సోయాగింజలు, నల్లబియ్యం, చెవి ఆకారంలో ఉండే నల్ల పుట్టగొడుగు వంటింట్లోకి వస్తాయి.

ఆయీ గోడ క్యాలెండరు చూసి వంట మార్చేది. చైనావాళ్ళు సూర్యుడి నడకను బట్టి ఏడాదిని 24 భాగాలు చేశారు. 2016లో యునెస్కో ఈ లెక్కను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చలికాలానివి ఆరు. నవంబరు 7, 8 తేదీల్లో లీడోంగ్, అంటే చలికాలం మొదలు. డిసెంబరు 21, 22లో డోంగ్‌జి, ఏడాదిలో పొడవైన రాత్రి. అక్కణ్ణుంచి తొమ్మిదేసి రోజులు తొమ్మిదిసార్లు, మొత్తం 81 రోజులు లెక్కపెడితే చలి వెళ్ళిపోతుందంటారు.

డోంగ్‌జి రోజున ఉత్తర చైనాలో ఇంటింటా జియావోజి తింటారు. మన కజ్జికాయ ఆకారంలో ఉండి, లోపల కూర పెట్టి ఉడికించినవి. దీని వెనక ఒక కథ చెబుతారు. సుమారు 1800 ఏళ్ళ కిందట ఝాంగ్ జోంగ్‌జింగ్ అనే మహావైద్యుడు సొంత ఊరికి తిరిగి వస్తే, పేదవాళ్ళ చెవులు చలికి పుళ్ళు పడి కనిపించాయట. గొర్రె మాంసం, వేడిచేసే మూలికలు నూరి, పిండిలో చెవి ఆకారంలో చుట్టి, ఉడికించి పంచాడట. కథ కథే కావచ్చు గానీ, ఆయన మందు పెట్టింది ఎవరికి? చలిలో నిలబడ్డ పేదవాడికి, ఆకలితో ఉన్నవాడికి.

పన్నెండో చాంద్రమాసం ఎనిమిదో రోజున లాబా గంజి కాస్తారు. బియ్యం, చిరుధాన్యాలు, చిక్కుళ్ళు, ఎండు ఎర్రరేగు, తామర గింజలు, వేరుసెనగలు అన్నీ కలిపి గంటల తరబడి కాచిన తియ్యటి గంజి. బుద్ధుడికి జ్ఞానోదయమైన రోజుగా చైనా బౌద్ధులు దాన్ని జరుపుకుంటారు. ఎముకలగూడుగా మిగిలిన ఆయనకు సుజాత పెట్టిన పాయసానికి గుర్తు ఆ గంజి. నాకు మొదటిసారి గిన్నె అందిస్తూ ఆయీ, "ఇది మీ దేశం వంటే" అంది. ఇంటి మీద బెంగతో ఉన్నానేమో, కళ్ళు చెమర్చాయి.

ఇక బలానికి తినే వాటిని వాళ్ళు "బు" అంటారు. లోటును పూడ్చడం అని అర్థం. షాంఘై వైపు చలికాలంలో వైద్యుడు మనిషిని చూసి, నాడి పట్టి, ఒక్కొక్కరికీ విడిగా మూలికలు రాసిస్తాడు. వాటిని కాచి చిక్కటి లేహ్యం చేసి డోంగ్‌జి నుంచి వసంతం దాకా తింటారు. అయితే లేహ్యం మొదలుపెట్టే ముందు కొన్నాళ్ళు "దారి తెరిచే మందు" ఇస్తారు. జీర్ణం సరిగా లేనివాడికి బలమైన తిండి పెడితే అది లోపలే నిలవ ఉండి చెరుపు చేస్తుందని వాళ్ళ నమ్మకం. చల్లగా ఉన్న బాయిలర్‌ను ఒక్కసారి పూర్తి లోడుకు తీసుకెళితే మందపాటి లోహం పగుళ్ళిస్తుంది. ముందు బూడిద దులిపి, మెల్లగా గంటల తరబడి వేడెక్కిస్తాం. కాబట్టి ఈ మాట నాకు వెంటనే నచ్చింది. మాంసం తినే చలికాలంలో పక్కన ముల్లంగి ఎందుకు ఉంటుందో కూడా అప్పుడే అర్థమైంది. అది దారి తెరిచి ఉంచుతుంది.

ఇంత తెలిశాక నాలో గర్వం మొదలైంది. చదివాను, విన్నాను, తిన్నాను, ఇక తెలియనిదేముంది అనుకున్నాను.

2011 సంక్రాంతికి ఇంటికి వస్తూ ఒక సంచినిండా డాంగ్‌గ్వీ వేరు తెచ్చాను. మన కొత్తిమీర, వాము కుటుంబానికి చెందిన మొక్క. వాసన ఘాటుగా బాగుంటుంది. డాంగ్‌గ్వీ, అల్లం, గొర్రె మాంసం వేసి కాచే సూపు చైనాలో చలికాలానికి పెట్టింది పేరు. నాన్నగారికి అప్పటికి 74 ఏళ్ళు. అయిదేళ్ళ కిందట గుండె కవాటం మార్చారు. నీరసంగా ఉంటున్నారని, కాళ్ళు చల్లబడుతున్నాయని అమ్మ అంటుంటే, నేను స్వయంగా వంటింట్లోకి వెళ్ళి ఆ సూపు కాచి ఇచ్చాను. నాన్నగారు ఇష్టంగా తాగారు. "వారానికి మూడు సార్లు పెట్టమ్మా" అని అమ్మకు చెప్పి హార్బిన్ వెళ్ళిపోయాను.

నెల తిరక్కుండా అమ్మ ఫోన్. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదట. ముంజేతుల మీద నల్లటి మచ్చలట. ఆసుపత్రిలో చేర్చారు. కవాటం పెట్టినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర రోజూ వేసుకోవాలి. ఆ మాత్ర ఎంత పనిచేస్తోందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలో నాన్నగారికి మూడు దాటకూడదని చెప్పి ఉంచారు. ఆ రోజు అయిదు దాటింది. డాక్టరుగారు అమ్మను అడిగారట, "కొత్తగా ఏమైనా తింటున్నారా?" అని. "అబ్బాయి చైనా నుంచి తెచ్చిన వేరండీ" అంది అమ్మ.

ఆయన నాకు ఫోన్ చేశారు. కోప్పడలేదు. నాలుగు ప్రశ్నలు అడిగారు. ఏ వేరు? ఒక్కసారికి ఎన్ని గ్రాములు? ఎన్నాళ్ళు? ఏ మందుతో పాటు? మొదటి ప్రశ్నకు తప్ప దేనికీ నా దగ్గర జవాబు లేదు. "గుప్పెడు వేయమన్నానండీ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

ఆ క్షణంలో నాకు మన ఫిజిక్స్ మాస్టారు గుర్తొచ్చారు. లెక్క మొత్తం సరిగ్గా చేసి, చివర యూనిట్లు రాయకపోతే ఆయన సున్నా వేసేవారు. "పది అంటే పది ఏమిటిరా? పది మీటర్లా, పది మామిడికాయలా?" అనేవారు. నలభై ఆరేళ్ళ వయసులో, నాన్నగారి ప్రాణం మీద, యూనిట్లు లేని జవాబు రాసి వచ్చాను నేను.

డాంగ్‌గ్వీ వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుందని వైద్యలోకానికి తెలిసిన సంగతే. నాలుగు రోజుల్లో నాన్నగారు కోలుకుని ఇంటికొచ్చారు. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, ఆ సూపు అసలు ఎక్కడి నుంచి వచ్చిందో దుబాసీ కుర్రాడి సాయంతో వెతకడం. ఇందాక చెప్పిన ఝాంగ్ జోంగ్‌జింగ్ గ్రంథంలోనే ఉంది. డాంగ్‌గ్వీ మూడు లియాంగ్‌లు, అల్లం అయిదు లియాంగ్‌లు, గొర్రె మాంసం ఒక జిన్. ఆనాటి జిన్ అంటే మన పావుకిలోకు దగ్గర, అందులో పదహారో వంతు లియాంగ్. ఎనిమిది కొలతల నీళ్ళు పోసి మూడు కొలతలయ్యేదాకా మరిగించాలి. ఒక పూటకు ముప్పావు కొలతకు కాస్త తక్కువ, రోజుకు మూడు పూటలు. ఇది ఎవరికో కూడా రాశాడు. చలి వల్ల వచ్చే కడుపునొప్పికి, కాన్పయిన తల్లికి వచ్చే కడుపునొప్పికి. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి వైద్యుడు యూనిట్లన్నీ రాశాడు. ఇంజనీరింగ్ చదివిన నేను వాటిని చెరిపేసి, రుచి మాత్రం పట్టుకుని వచ్చాను.

మూడో చలికాలంలో ఆయీతో ఇదంతా చెప్పాను. ఆమె చాలాసేపు తల ఊపుతూ కూర్చుంది. తర్వాత అంది: "నీకు బేరిపండు పెట్టాను, డ్రైవరుకు మాంసం పెట్టాను. రోజూ చూశావు. మీ నాన్నను నేను చూడలేదు. ఆయనకు ఏం పెట్టాలో నాకెలా తెలుస్తుంది?"

మిత్రులారా, చైనా చలికాలపు తిండిలో నేను నేర్చుకున్నది మొత్తం ఆ మాటలోనే ఉంది. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో, జబ్బుకు ముందు తిండితో చూడమన్నాడు, తిండి చాలకపోతేనే మందు ఇవ్వమన్నాడు. అది విని మనం తిండే కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. మందులా పనిచేసే తిండికి మందుకున్నంత జాగ్రత్తా కావాలి.

మన పెద్దలకూ ఇది తెలుసు. హేమంతంలో బయటి చలికి ఒంట్లోని అగ్ని లోపలికి చేరి బలపడుతుంది, అందుకే నెయ్యి, నూనె ఉన్న బరువైన తిండి అప్పుడు అరుగుతుందని చరకసంహిత చెబుతుంది. ధనుర్మాసంలో మిరియాలు, నెయ్యి వేసిన పొంగలి, సంక్రాంతికి నువ్వులద్దిన అరిసెలు, సున్నుండలు ఆ లెక్కలోవే. అయితే పొలం పనిచేసే ఒంటికి పెట్టిన లెక్క అది. మన ఊళ్ళో పొద్దున 17 డిగ్రీల చలి, పదకొండింటికి ఎండ. కుర్చీలో కూర్చునే షుగరు మనిషి చలికాలం పేరు చెప్పి పది అరిసెలు తింటే, హార్బిన్‌లో నేను చేసిన పనే ఇక్కడ చేసినట్టు. చికాగోలోనో, టొరంటోలోనో ఉన్న మన పిల్లలది హార్బిన్ కథే. బయట మైనస్, లోపల హీటరు. వాళ్ళకు మీరు పంపే ఆవకాయతో పాటు, నీళ్ళు తాగమని, చారు కాచుకోమని, పండ్లు తినమని కూడా చెప్పండి.

వెళ్ళే ముందు మన వయసు వాళ్ళకు మూడు హెచ్చరికలు. రక్తం పలచబరిచే మందు వాడేవాళ్ళు డాంగ్‌గ్వీ, జిన్సెంగ్ లాంటివి డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. చైనా మందుల్లోనూ మన పచారీ కొట్లోనూ దొరికే అతిమధురం ఎక్కువ రోజులు తింటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. ఇక నాభి. చైనాలో కొన్ని ప్రాంతాల్లో చలికాలంలో దీని జాతి వేళ్ళను మాంసంతో గంటల తరబడి ఉడికించి తింటారు. ఉడకడం చాలక ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. ఎవరు బలానికి మంచిదన్నా దాని జోలికి వెళ్ళకండి.

మరి భయం లేకుండా తినదగ్గవి లేవా అంటే, ఉన్నాయి. ముల్లంగి చారు, అల్లం ముక్క, గుప్పెడు కాదు రెండు చెంచాల నల్లనువ్వులు, మెత్తగా ఉడికిన గంజి, పెందలాడే భోజనం, పెందలాడే నిద్ర. ఆయీ వంటింట్లో రోజూ ఉండేవి ఇవే. మిగతావి ఎవరికి, ఎప్పుడు, ఎంత అని అడిగాకే పొయ్యి మీదికి వచ్చేవి.

నాన్నగారు ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఉన్నారు. ఏటా సంక్రాంతికి నేను ఇంటికి వచ్చి వంటింట్లోకి వెళుతుంటే, వసారాలోంచి కేకేసేవారు: "ఒరే, ఏం కాస్తున్నావో డాక్టరుగారికి చెప్పావా?" నేను గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఏది ఎంత వేశానో గ్రాములతో సహా అప్పజెప్పేవాణ్ణి. విని, అప్పుడు గిన్నె అందుకునేవారు.

మాస్టారూ, ముందు వరసలో కూర్చుని వింటున్నారు. ఆలస్యంగానైనా యూనిట్లు రాయడం నేర్చుకున్నానండి.